పొట్టు రాలే మొహానికి నూనె రాయకండి

ధనుర్మాసం వచ్చేసరికి మా పర్లాకిమిడిలో పొద్దున్నే మంచు పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నా ముక్కుకి రెండు పక్కలా, కనుబొమ్మల్లోనూ పొట్టు లేస్తుంది. కింద చర్మం కంది, చెమట తగిలితే మండుతుంది. "చలికి మొహం పగిలిపోయిందిరా, కాస్త నూనె రాసుకో" అని అమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చేది. పక్కింటి ఒడియా మావుసి ఆవనూనె మంచిదనేది. ఇద్దరి మాటా విన్నాను. రెండు రోజులు నున్నగా ఉండేది, మూడో రోజుకి ముందుకంటే ఎక్కువ రాలేది.

పొట్టు రాలుతోంది కాబట్టి పొడిచర్మం అనుకున్నాం. పొరపాటు అక్కడే జరిగింది. ఇది సెబోరిక్ డెర్మటైటిస్, తలలో వచ్చే చుండ్రుకి దగ్గరి చుట్టం. ఇది ఎక్కడెక్కడ వస్తుందో చూడండి: ముక్కు పక్క మడతలు, కనుబొమ్మలు, చెవుల వెనక, గడ్డం కింద, ఛాతీ మధ్య. అన్నీ జిడ్డు ఊరే చోట్లే. చలికాలంలో నిజంగా పొడిబారే పిక్కల మీదికి ఇది సాధారణంగా పోదు.

మనందరి చర్మం మీదా మలసీజియా అనే ఈస్ట్, అంటే కంటికి కనిపించని ఒక శిలీంధ్రం, బతుకుతుంది. 1874లో లూయి షార్ల్ మలసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, ఆయన పేరే దానికి పెట్టారు. ఇది తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేదు. అందుకని మన చర్మపు జిడ్డుని ఎంజైములతో విడగొట్టి, పనికొచ్చేవి తిని, ఓలిక్ ఆమ్లం లాంటివి అక్కడే వదిలేస్తుంది. అవి కొందరి చర్మానికి పడవు. పై పొర దెబ్బతిని కందుతుంది, చర్మకణాలు ఆదరాబాదరాగా పుట్టుకొచ్చి గుంపులుగా ఊడిపోతాయి. ఈ ఈస్ట్‌ని ల్యాబులో పెంచడానికి పైన ఆలివ్ నూనె పోసే పద్ధతి ఒకటుంది. ఆ సంగతి తెలిసిన రోజే మొహానికి నూనె మానేశాను.

ఈస్ట్ అందరి మీదా ఉన్నా జబ్బు కొందరికే వస్తుంది. తేడా మన చర్మంలో, మన రోగనిరోధక శక్తిలో ఉంది. పార్కిన్సన్స్, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. టెన్షన్ పెరిగినా, నిద్ర తగ్గినా తిరగబెడుతుంది. శుభ్రంగా లేకపోవడం వల్ల రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఇంట్లో ఎవరి తువ్వాలూ విడిగా పెట్టక్కర్లేదు. ఇది ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్లలో తెలియాలి, ఎందుకంటే మొహం మీద మచ్చ అనగానే మనవాళ్లు పెళ్లి దాకా ఆలోచిస్తారు.

మన చామనఛాయ మొహాల మీద ఎరుపు కంటే తెల్లటి మచ్చలే ముందు కనిపిస్తాయి. బొల్లి అనో, పెద్దరోగం (కుష్ఠు) అనో భయపడతారు. సెబోరిక్ మచ్చ మీద పొట్టు ఉంటుంది, తరచూ దురద కూడా ఉంటుంది. కుష్ఠు మచ్చ మీద చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది. స్పర్శ తెలియని మచ్చ ఒంటి మీద ఎక్కడున్నా ఆలస్యం చేయకుండా సర్కారీ ఆసుపత్రికి వెళ్లండి, మందు ఉచితంగా ఇస్తారు.

నాకు బాగా కోపం తెప్పించేది ట్యూబు సంగతి. ఏళ్ల కిందట ఒక మందుల షాపులో మొహం చూపించి అడిగితే, ఒక ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో మొహం అద్దంలా అయింది. మానేసిన వారానికి రెట్టింపుగా వచ్చింది, మళ్లీ రాశాను. అలా ఏడాది గడిచేసరికి బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు తేలాయి, ఎండకి వెళితే మొహం భగ్గుమనేది. అందులో ఉన్నది బీటామెథసోన్, గట్టి స్టెరాయిడ్. అది వాపుని అణుస్తుంది, కానీ నెలల తరబడి రాస్తే చర్మాన్ని పలచబరుస్తుంది. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. డాక్టరు చూసి, తేలికపాటి స్టెరాయిడ్ కొద్దిరోజులకు రాయడం వేరు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లుంటే మీ అంతట మీరు మొహానికి రాయకండి.

చివరికి బరంపురంలో చర్మం డాక్టరమ్మ, ఈ ఈస్ట్‌ని అణిచే మందు, రెండు శాతం కీటోకొనజోల్ క్రీమ్ కొన్ని వారాలకు రాశారు. అదే మందున్న షాంపూ తలకీ, కనుబొమ్మలకీ, గడ్డానికీ పట్టించి, ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు, కంట్లో పడకుండా. సున్నిపిండితో రుద్దడం మానిపించారు, గడ్డం తీసేయమన్నారు. వెంట్రుకల కింద పొలుసు దాక్కుంటుందట.

తగ్గుతుంది. కానీ పోదు. ఈ మాట మొదటే ఎవరైనా చెప్పి ఉంటే డాక్టర్లను మారుస్తూ తిరిగేవాణ్ని కాదు. 1995లో వెలువడిన ఒక పరిశోధనలో, తల మీద ఇదే జబ్బు తగ్గినవాళ్లు వారానికోసారి కీటోకొనజోల్ షాంపూ వాడుతూ ఉంటే ఆరు నెలల్లో నూటికి 19 మందికి తిరగబెట్టింది, మందు లేని షాంపూ వాడినవాళ్లలో 47 మందికి. ఆ లెక్క చదివాక నేను ఆదివారం ఒక్కటీ తప్పనివ్వలేదు. మొహం బాగున్న ఆదివారం కూడా ఆ సీసా తీస్తాను.