‘రక్తం’ తీసేసిందెవరు, మళ్లీ పెట్టిందెవరు

కొత్త బైబిల్ అనువాదాల్లో యేసు ‘రక్తం’ అన్న మాటను కుట్రతో తీసేస్తున్నారంటూ ఒక ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. ఎడమ పక్క పాత వచనం, కుడి పక్క కొత్త వచనం, మధ్యలో ఎర్ర గీత, కింద ‘అందరికీ పంపండి’. వాడుక భాష అనువాదాల వైపువాళ్లు ఎప్పటిలాగే ‘పాత తెలుగు ఈ కాలం పిల్లలకు ఏం అర్థమవుతుంది?’ అని ఎదురు ప్రశ్న వేస్తున్నారు. విశాఖపట్నం మిషనరీలు, శ్రీరాంపూర్ అచ్చు, పాత అనువాదం ఎలా వచ్చింది అన్నవి సండే స్కూల్ నుంచీ విన్నవే కాబట్టి వదిలేస్తున్నా. ఈ గొడవ తెలుగులో పుట్టింది కాదు. 1966లో అమెరికన్ బైబిల్ సొసైటీ వేసిన ఒక చౌక ఇంగ్లీషు కొత్త నిబంధనతో మొదలైంది.

గుడ్ న్యూస్ పేరుతో జనానికి తెలిసిన ఆ అనువాదానికి ముసాయిదా రాసింది రాబర్ట్ బ్రాచర్. ఈయన బాప్టిస్టు, బ్రెజిల్‌లో మిషనరీ దంపతులకు పుట్టినవాడు. వెనక ఉన్న ఆలోచన మాత్రం సొసైటీలో అనువాద విభాగం చూసిన యూజీన్ నైడాది. మూలంలో ఉన్న మాటకు మాట పెట్టామా అని చూసుకోవడం చాలదు, ఆనాటి శ్రోతకు ఏం అర్థమైందో ఈనాటి పాఠకుడికి కూడా అదే అర్థం కావాలి అంటాడు నైడా. 1964లో దీన్ని సిద్ధాంతంగా పుస్తకం రాశాడు. రెండేళ్లలో బ్రాచర్ చేసి చూపించాడు. రోమా 12:20లో శత్రువుకు అన్నం పెడితే ‘అతని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు’ అని మన పాత అనువాదంలో ఉంటుంది కదా, బ్రాచర్ దాన్ని ‘వాళ్లు సిగ్గుతో కాలిపోయేలా చేస్తావు’ అని విప్పేశాడు. దీనిమీద పెద్దగా ఎవరూ గొడవ పడలేదు. నిజం చెప్పాలంటే చాలామందికి అప్పటిదాకా ఆ వచనం భయమే తప్ప అర్థం కాలేదు.

గొడవ రక్తం దగ్గర వచ్చింది. రోమా 5:9లో ‘ఆయన రక్తమువలన’ అన్నచోట మొదటి గుడ్ న్యూస్‌లో ‘ఆయన మరణం వల్ల’ అని ఉండేది. ఇలాంటివి ఇంకా కొన్ని. బ్రాచర్ వైపు వాదన తీసిపారేసేదేమీ కాదు: బైబిల్లో రక్తం చిందించడం అంటే చంపడం, కాబట్టి రక్తం అనేది హింసతో కూడిన చావుకు అలంకారం, అలంకారాన్ని విప్పి చెప్పడమే అనువాదకుడి పని. మత్తయి 27:25లో జనం ‘వాని రక్తము మా మీద’ అన్నప్పుడు ఇదే పద్ధతి చక్కగా పనిచేసింది కూడా. ‘అతని చావుకు బాధ్యత మాది’ అని పెట్టారు. మనవాళ్లయితే ‘ఆ ఉసురు మాకే తగలనీ’ అంటారు, అంతే.

కానీ ఆ మార్పును వ్యతిరేకించినవాళ్లు చెప్పింది కాస్త నిదానంగా వినాలి, ఎందుకంటే వాళ్లను ఛాందసులని కొట్టిపారేసి ముందుకెళ్లడం వల్లే ఇన్నేళ్లయినా ఇది తెగలేదు. వాళ్లు చూపించింది లేవీయకాండం 17:11. రక్తంలో ప్రాణం ఉంది, బలిపీఠం మీద ప్రాయశ్చిత్తానికి దాన్ని ఇచ్చాను అని దేవుడే చెప్పిన వచనం. నిర్గమకాండంలో ద్వారబంధాలకు పూసింది రక్తం, లేవీయకాండంలో పీఠం దగ్గర పోసింది రక్తం, కడవరి రాత్రి యేసు గిన్నె ఎత్తి చెప్పింది రక్తం, పౌలు రోమావాళ్లకు రాసింది అదే మాట. ఒక్కచోట చూస్తే అలంకారమే, కానీ వరసగా చదువుకుంటూ వచ్చే విశ్వాసికి అది పుస్తకం మొత్తాన్ని కలిపే దారం. గుడ్ న్యూస్‌లోనే హెబ్రీ 9:22లో రక్తం చిందితేనే పాపక్షమాపణ అని ఉంచారు, ఉంచక తప్పలేదు, అక్కడ మాట్లాడుతున్నదే బలుల గురించి. అక్కడ రక్తం, రోమాలో మరణం అయితే రెండూ ఒకే సంగతి అని చదివేవాడికి ఎలా తెలుస్తుంది? అనువాదం అర్థమైందా అని పరీక్షించేటప్పుడు ఒక వచనం చదివి వినిపించి ప్రశ్నలు అడుగుతారు, ఆ పరీక్షలో ‘మరణం’ పాసైపోతుంది, దారం తెగిన సంగతి ఎవరికీ కనబడదు. నా లెక్కలో మొత్తం గొడవకు కీలకం ఇదే.

సొసైటీ దీన్ని పట్టించుకోలేదనడం కూడా తప్పు. 1976లో పూర్తి బైబిల్ వచ్చేసరికి చాలాచోట్ల ఉత్త ‘మరణం’ కాస్తా ‘బలిగా మరణం’ అయింది. 1992 సవరణకు వచ్చేసరికి ఎఫెసీ 1:7 లాంటి చోట్ల మళ్లీ ‘రక్తం’ వచ్చి కూర్చుంది. అంటే ఫార్వర్డ్‌లో ‘కుట్ర’ అంటున్నది విమర్శ విని తమంతట తామే దిద్దుకున్న సంగతి. దిద్దుబాటు గురించి ఆ ఫార్వర్డ్ ఒక్క మాట అనదు.

మధ్యలో 1981 ఉంది. డల్లాస్‌లో ఒక బాప్టిస్టు సమావేశంలో, బైబిల్లో పొరపాటన్నదే లేదనే సిద్ధాంతాన్ని బ్రాచర్ చాలా ఘాటుగా తప్పుపట్టాడు. చందాలిచ్చే సంఘాలు మండిపడ్డాయి, అదే ఏడాది ఆయన అమెరికన్ బైబిల్ సొసైటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ‘రక్తం తీసినవాడు వాక్యాన్నే నమ్మడు’ అన్న మాట స్థిరపడిపోయింది. భాష మీద జరగాల్సిన చర్చ మనిషి మీదకు మళ్లింది.

సరిగ్గా ఇదే కథ 2012లో ఇంకో మాట మీద నడిచింది. ముస్లిం దేశాల్లో ‘దేవుని కుమారుడు’ అంటే శారీరకంగా కన్న కొడుకని అర్థం చేసుకుంటున్నారని, విక్లిఫ్, ఎస్‌ఐఎల్, ఫ్రాంటియర్స్ లాంటి అనువాద, మిషనరీ సంస్థలతో సంబంధమున్న కొన్ని అనువాదాల్లో దాని బదులు ‘మెస్సీయ’ లాంటి మాటలు వాడారు. అక్కడి సంఘాల పాస్టర్లే అడ్డం తిరిగారు. దశాబ్దాలుగా ఆ మాట కోసం దెబ్బలు తిన్నది తాము, ఇప్పుడు ఎవరో వచ్చి అది అలంకారం అంటే ఎలా అన్నది వాళ్ల బాధ. ఆన్‌లైన్ పిటిషన్ నడిచింది. చివరికి వరల్డ్ ఇవాంజెలికల్ అలయన్స్ అనే అంతర్జాతీయ సంఘాల సమాఖ్య ఒక కమిటీ వేసింది, 2013లో అది తేల్చింది: తండ్రి, కుమారుడు అన్నచోట ఆ భాషలో ఇంట్లో వాడే బంధుత్వపు మాటే వాడాలి. అపార్థం వస్తుందనుకుంటే ‘పరలోకపు’ లాంటి విశేషణం చేర్చుకోవచ్చు, వివరణ పక్కన ఇవ్వొచ్చు. ఎస్‌ఐఎల్, విక్లిఫ్ ఒప్పుకున్నాయి. రక్తం విషయంలో పాతికేళ్లు పట్టిన పని రెండేళ్లలో అయిందంటే ఆ పాత అనుభవమే కారణమని నా అనుమానం.

ఇక మన ఫార్వర్డ్ సంగతి. అందులో కొలస్సీ 1:14 కూడా ఉంది, ‘ఆయన రక్తము ద్వారా’ అన్నది కొత్త అనువాదాల్లో లేదని. నిజమే, లేదు. కానీ మన పాత తెలుగు బైబిల్ తెరిచి చూడండి: ‘ఆ కుమారునియందు మనకు విమోచనము, అనగా పాపక్షమాపణ కలుగుచున్నది’. అందులోనూ లేదు. ఇది అలంకారం విప్పడానికి సంబంధించిందే కాదు, ప్రాచీన గ్రీకు ప్రతుల్లో తేడా, కొన్నిట్లో ఆ మాట ఉంది, కొన్నిట్లో లేదు. కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు బైబిల్ అభిమానులు తయారుచేసిన పట్టికను ఎవరో తెలుగు లిపిలోకి మార్చేసి, తెలుగు పుస్తకంలో ఏముందో చూడకుండా పంపేశారు. ఎఫెసీ 1:7 సంగతి వేరు, అక్కడ పాత తెలుగులో ‘ఆయన రక్తమువలన’ అని స్పష్టంగా ఉంది.

వాడుక భాష వాళ్లు కూడా ఒకటి మరచిపోతున్నారు. 1804లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ పెట్టినప్పుడే ‘వ్యాఖ్యానం, వివరణ లేకుండా’ అచ్చు వేయాలని నియమం పెట్టుకున్నారు. వివిధ సంఘాలవాళ్లు కలిసి పనిచేయాలంటే మరో దారి లేదు మరి. అమెరికన్ సొసైటీ కూడా ఆ దారిలోనే నడిచింది. పేజీ కింద రెండు ముక్కలు రాసే వీల్లేనప్పుడు అలంకారాన్ని వచనంలోనే విప్పాలి, లేదా అలాగే వదిలేయాలి. గుడ్ న్యూస్ విప్పింది. మన పాత తెలుగు అనువాదం చాలాచోట్ల వదిలేసింది. ఆమోసు 4:6లో ‘దంతశుద్ధి కలుగజేసినను’ అని ఉంటుంది. తినడానికి ఏమీ లేక పళ్లకు మెతుకు కూడా అంటలేదని అర్థం, కరువు గురించి. ఆ వెంటనే ‘ఆహారము లేకుండ చేసినను’ అని రాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే దేవుడు ఊరందరికీ పళ్లు తోమించాడనుకుంటారు.