ఫైవ్‌స్టార్ హోటల్లో రిపీట్ గెస్టు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో హోటల్ ఫ్రంట్ డెస్క్ వెనక పదమూడేళ్లుగా నిలబడుతున్నాను. చుట్టాలు, స్నేహితులు కలిసినప్పుడల్లా నాతో అనే మాటలే ఇవి.

అపోహ: తరచూ వెళ్తే స్టాఫ్ ముఖం చూసి గుర్తుపడతారు.

పాత డోర్‌మ్యాన్ అయితే గుర్తుపడతాడు, కాదనను. మిగతా అందరికీ గుర్తుచేసేది కంప్యూటర్లోని గెస్ట్ ప్రొఫైలే. ముందురోజే అరైవల్ లిస్ట్ తీసి, పాత గెస్టుల పేర్ల పక్కనున్న నోట్సు చదువుతాం: పల్చటి తలగడ, లిఫ్టుకు దూరంగా గది, రాత్రికి ఫ్లాస్కులో వేడినీళ్లు. పొద్దున బ్రీఫింగ్‌లో హౌస్‌కీపింగ్‌కు చెప్తాం. మీరు వచ్చేసరికి ఫ్లాస్కు గదిలో ఉంటుంది. ఫోర్ సీజన్స్ హోటళ్లకైతే, బస చేసినకొద్దీ పాయింట్లు, హోదాలు ఇచ్చే పథకమే లేదు; గుర్తింపంతా ఇలాంటి నోట్సు మీదే.

మనవాళ్లకు ఇక్కడే ఓ చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే. ఆఫీసువాళ్లు బుక్ చేస్తే అసలు పేరే ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోతుంది. మా దగ్గరికి నెలనెలా వచ్చే ఒక పెద్దాయన సిస్టమ్ దృష్టిలో ముగ్గురు మనుషులు! వేడినీళ్ల నోటు ఒక ప్రొఫైల్లో, తలగడ నోటు ఇంకోదాంట్లో. "ఏమయ్యా, ప్రతిసారీ కొత్తవాణ్ని చూసినట్టు చూస్తారు" అని ఆయన కోప్పడితే తప్పేముంది? చెకిన్‌లో "నా ప్రొఫైళ్లు కలిపేయండి" అని అడగండి. చిన్న పని, కానీ ఎవరూ అడగరు.

అపోహ: డబ్బు బాగా ఖర్చుపెడితే చాలు, బుకింగ్ ఎక్కడ చేసినా ఒకటే.

పాయింట్ల పథకాలున్న హోటళ్లు హోదా ఇవ్వడానికి ప్రధానంగా లెక్కపెట్టేది మీరు బస చేసిన రాత్రులను. మారియట్ హోటళ్ల పథకమైన బాన్‌వాయ్‌లో ఏడాదికి 10 రాత్రులకు సిల్వర్ హోదా, 25కు గోల్డ్, 50కి ప్లాటినం, 75కు టైటానియం. బయటి ట్రావెల్ యాప్‌లో చేసిన బుకింగ్‌కు మామూలుగా పాయింట్లూ రావు, ఆ రాత్రులూ లెక్కలోకి రావు. పాయింట్లు శాశ్వతమనీ అనుకోకండి. 24 నెలలు ఖాతా కదలకపోతే పోతాయి.

అపోహ: ప్లాటినం హోదా ఉంటే సూట్ (విడిగా కూర్చునే చోటున్న పెద్ద గది) ఇచ్చి తీరాల్సిందే.

సాయంత్రం 4 దాకా లేట్ చెకౌట్ అడిగితే, రిసార్టులు, కన్వెన్షన్ హోటళ్లలో (పెద్ద సదస్సులు జరిగే హోటళ్లలో) తప్ప, ఇవ్వాల్సిందే. సూట్ సంగతి వేరు. "ఖాళీ ఉంటేనే" అని నిబంధనల్లోనే ఉంటుంది. మాఘమాసంలో మంచి ముహూర్తం పడితే సూట్లన్నీ పెళ్లివారివే. ఎంత పెద్ద కార్డు చూపించినా మా చేతిలో ఏమీ ఉండదు. హైటెక్ సిటీ వైపు ఆఫీసు గెస్టుల హోటళ్లు వారం మధ్యలో కిటకిటలాడతాయి. ఆషాఢంలో ఓ శనివారం రండి. సూట్లు ఖాళీగానే ఉంటాయి, మీరు అడగకముందే మేమే తాళం చేతిలో పెడతాం.