వీఈక్యూటీనా ఎక్స్‌ఈక్యూటీనా: కెనడా ఈటీఎఫ్‌ల వెనక ముప్పై ఐదేళ్ల కథ

కెనడా వచ్చి ఉద్యోగంలో కుదురుకుని, అద్దె, కార్ ఇన్సూరెన్స్, ఇంటికి పంపేది పోను నెలకి ఎంతో కొంత మిగలడం మొదలయ్యాక మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే, టీఎఫ్ఎస్ఏలో (లాభం మీద పన్ను పడని పొదుపు ఖాతా) ఏ ఈటీఎఫ్ (షేర్ లాగే మార్కెట్‌లో కొనుక్కునే ఫండ్) కొని వదిలేయాలన్నా, వీఈక్యూటీనా ఎక్స్‌ఈక్యూటీనా అని. రెండూ ఒక్కటి కొంటే ప్రపంచమంతటి షేర్లూ వచ్చేవే. ఇరవై ఏళ్లు అమ్మకుండా పెట్టుకునేవాళ్లకి ఆ రెండిట్లో ఏది కొన్నా పెద్ద తేడా ఏం ఉండదు. తేడా పడేవి వేరే ఉన్నాయి, ఫీజు ఎంత పోతోంది, డబ్బంతా ఒక్క దేశంలోనే ఇరుక్కుందా, ఏ అకౌంట్‌లో పెట్టారు, ఇవి. ఒక్కోటీ ఒక్కో టైంలో జనం గట్టిగా దెబ్బ తిన్నాకే సర్దుకుంది, కొన్ని ఇంకా సర్దుకోలేదు, అందుకే ఆ పాత కథ మొదట్నుంచీ చెప్పాలనిపించింది.

ఈటీఎఫ్ అంటే అమెరికావాళ్ల సరుకు అనుకుంటాం గానీ మొదటిది పుట్టింది టొరంటోలో. 1990 మార్చి 9న టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజ్ టిప్స్ అని ఒకటి మొదలుపెట్టింది. టొరంటో 35 ఇండెక్స్‌లో ఉన్న 35 పెద్ద కంపెనీలూ ఒక్క యూనిట్‌లో వచ్చేవి, మామూలు షేర్ కొన్నట్టే బ్రోకర్ దగ్గర కొనుక్కోవచ్చు, ఫీజు దాదాపు లేనట్టే. అమెరికాలో వాళ్ల మొదటి ఈటీఎఫ్ ఎస్‌పీవై వచ్చింది 1993 జనవరిలో, మన ఇండియాలో నిఫ్టీ బీస్ అయితే 2001 చివర్లో. టిప్స్ తర్వాత 1995లో 100 కంపెనీలతో హిప్స్ కూడా వచ్చింది, చివరికి 2000 మార్చిలో రెండూ బార్‌క్లేస్ వాళ్ల ఐ60లో కలిసిపోయాయి. ఆ ఐ60నే ఇవాళ మనం చూసే ఎక్స్‌ఐయూ, ఇప్పుడది బ్లాక్‌రాక్ వాళ్ల ఐషేర్స్ కింద నడుస్తోంది.

అంత చవకైనది 1990లోనే చేతికందే దూరంలో ఉన్నా మామూలు జీతగాళ్లకి దాని పేరు కూడా తెలీదు, ఎందుకంటే చెప్పేవాడికి అందులో ఏం మిగలదు. బ్యాంక్ బ్రాంచ్‌కి వెళ్లి ఆర్ఆర్ఎస్‌పీ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) తెరుస్తానంటే మ్యూచువల్ ఫండ్ చేతిలో పెట్టేవాళ్లు, ఈక్విటీ ఫండ్ అయితే ఫీజు ఏడాదికి 2 శాతం పైనే, అందులో 1 శాతం దాకా ట్రెయిలర్ కమిషన్ పేరుతో అమ్మినవాళ్లకి, మీరు ఆ ఫండ్‌లో ఉన్నన్నాళ్లూ ఏటా వెళ్తూనే ఉంటుంది. ఇంకో రకం ఉండేది, డీఎస్‌సీ అని, మీరు పెట్టిన రోజే అడ్వైజర్‌కి 5 శాతం దాకా ముట్టేది, మీరేమో ఆరేడేళ్లలోపు బయటికి రావాలంటే ఎదురు కట్టాలి. ఇందులో ఏదీ మీకు బిల్లులా రాదు, ఫండ్ లోపలే కోసేస్తారు కాబట్టి చాలామంది తమకి ఫీజే లేదనుకునేవాళ్లు, ఇప్పటికీ అనుకునేవాళ్లు ఉన్నారు, నాకు ఇందులో నిజంగా బాధ కలిగించేది ఇదే.

లెక్క ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. 1,00,000 డాలర్లు పెట్టి 25 ఏళ్లు వదిలేశారు, మార్కెట్ ఏటా 6 శాతం ఇచ్చిందనుకుందాం. ఫీజు 2.25 శాతం పోతే చేతికొచ్చేది దాదాపు 2,51,000. ఫీజు 0.20 శాతమే అయితే దాదాపు 4,09,000. మార్కెట్ అదే, ఓపిక పట్టింది మీరే, రిస్క్ తీసుకుంది మీరే, ఒక లక్షా యాభై ఎనిమిది వేలు మాత్రం చడీచప్పుడు లేకుండా వేరేచోటికి వెళ్లిపోయాయి. ఏ ఈటీఎఫ్ అని అడిగేముందు ఇప్పుడున్న ఫండ్ ఫీజు ఎంతో చూడండి అని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

రెగ్యులేటర్లు కదిలారు గానీ చాలా నెమ్మదిగా. 2016 నుంచి డీలర్‌కి మీ అకౌంట్ మీద ఎన్ని డాలర్లు ముట్టాయో ఏడాదికోసారి స్టేట్‌మెంట్‌లో చెప్పాలన్నారు, కానీ ఫండ్ లోపల పోయే మిగతా ఫీజు అందులో లేదు. డీఎస్‌సీ అమ్మకాలు దేశమంతా ఆగింది 2022 జూన్ 1న, ఒంటారియో మొదట అడ్డం తిరిగి తర్వాత కలిసొచ్చింది. సలహా ఇవ్వడానికే వీల్లేని డిస్కౌంట్ బ్రోకర్లు కూడా సలహా కోసమని పెట్టిన ట్రెయిలర్ తీసుకునేవాళ్లు, అదీ ఆ రోజుతోనే బంద్. మొత్తం ఫీజు డాలర్లలో చూపించాలన్న రూల్ 2026 జనవరి నుంచి లెక్కలోకి వచ్చింది, ఆ ఏడాది రిపోర్ట్ జనం చేతికొచ్చేది 2027లో.

ఇంక రెండో సంగతి, డబ్బంతా కెనడాలోనే ఇరుక్కోవడం. దీన్ని ఇప్పటివాళ్లు నమ్మరు గానీ ఒకప్పుడు అది చట్టమే. ఆర్ఆర్ఎస్‌పీ 1957లో వచ్చింది, 1971లో అందులో విదేశీ షేర్లు 10 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు, దాటితే దాటిన మొత్తం మీద నెలకి 1 శాతం పన్ను. తర్వాత దాన్ని 20కి, 2000లో 25కి, 2001లో 30కి పెంచారు, 2005 బడ్జెట్‌లో పూర్తిగా ఎత్తేశారు. మధ్యలో జనం ఊరుకోలేదు, ఫండ్ కంపెనీలు క్లోన్ ఫండ్స్ అని తెచ్చాయి, డబ్బు కెనడా ట్రెజరీ బిల్లుల్లో ఉంచి దాని మీద ఫ్యూచర్స్, ఫార్వర్డ్ కాంట్రాక్టులతో (ముందే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) అమెరికా ఇండెక్స్ లాభం పట్టుకునేవాళ్లు, చట్టం దృష్టిలో అది కెనడా ఆస్తే, ఆ తిప్పలన్నిటికీ ఫీజు మాత్రం ఎక్కువ. 2001లో వచ్చిన ఒక ఈటీఎఫ్ కూడా ఎస్ అండ్ పీ 500ని ఇలా ఫ్యూచర్స్‌తోనే పట్టుకునేది, ఆర్ఆర్ఎస్‌పీలో పూర్తిగా పెట్టుకోవడానికి వీలుగా.

ఆ పరిమితి ఉన్న రోజుల్లోనే కెనడా కంపెనీ నార్టెల్ కూలింది, ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. 2000 జూలైలో షేర్ 124 డాలర్లు దాటింది, అప్పుడు టొరంటో 300 ఇండెక్స్‌లో మూడో వంతు పైగా ఒక్క నార్టెలే. అంటే మీరు బుద్ధిగా ఇండెక్స్ కొనుక్కున్నా ప్రతి డాలర్‌లో 33 సెంట్లకి పైగా ఒక్క టెలికాం సామాన్ల కంపెనీకి వెళ్తోంది, పైగా రిటైర్మెంట్ డబ్బులో 75 శాతం బయటికి తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. 2002కి షేర్ డాలర్ కన్నా కిందికి పడిపోయింది, 2009 జనవరిలో కంపెనీ దివాలా రక్షణకి వెళ్లింది. ఇండెక్స్ అంటేనే అన్నిట్లో పెట్టడం, భయం లేదు అనేవాళ్లకి నేను చూపించే కేస్ ఇది. దాని తర్వాతే ఏ కంపెనీనీ 10 శాతం దాటనివ్వని క్యాప్డ్ ఇండెక్స్‌లకి గిరాకీ పెరిగింది, ఇవాళ టొరంటో మార్కెట్‌ని పట్టుకునే ఐషేర్స్ ఈటీఎఫ్ ఎక్స్‌ఐసీ వెంబడించేది అలాంటి క్యాప్డ్ ఇండెక్స్‌నే.

2009లో రెండు జరిగాయి, టీఎఫ్ఎస్ఏ మొదలైంది, బీఎంఓ (బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్) ఈటీఎఫ్‌ల్లోకి దిగింది. బార్‌క్లేస్ ఫండ్ వ్యాపారాన్ని బ్లాక్‌రాక్ కొన్నదీ ఆ ఏడాదే. 2011 చివర్లో అమెరికా ఫండ్ కంపెనీ వాన్‌గార్డ్ కూడా వచ్చేసరికి ఇంక ఒకళ్ల మీద ఒకళ్లు ఫీజులు కొయ్యడం మొదలైంది, 2014లో ఎక్స్‌ఐసీ మేనేజ్‌మెంట్ ఫీజు 0.05 శాతానికి దిగింది. ఆ టైంకే బ్యాంక్ బ్రోకరేజీలు చిన్న అకౌంట్లకి ట్రేడ్‌కి 29 డాలర్ల దాకా తీసుకునేది మానేసి 9.95కి వచ్చాయి. నెలకి 300 డాలర్లు పెట్టేవాడికి 29 అంటే పెట్టగానే దాదాపు 10 శాతం పోయినట్టే, అందుకే అప్పట్లో చిన్నవాళ్లు ఈటీఎఫ్ మానేసి టీడీ ఈ-సిరీస్ లాంటి ఇండెక్స్ మ్యూచువల్ ఫండ్స్ కొనేవాళ్లు, వాళ్లు చేసింది తెలివైన పనే. ఆన్‌లైన్ బ్రోకర్లలో క్వెస్ట్రేడ్ ఈటీఎఫ్ కొనుగోళ్లకి కమిషన్ తీసేసింది, తర్వాత వెల్త్‌సింపుల్ వచ్చి కొనడానికీ అమ్మడానికీ తీసేసింది.

అయినా ఒక తలనొప్పి మిగిలింది. కెనడాకి ఒకటి, అమెరికాకి ఒకటి, మిగతా అభివృద్ధి చెందిన దేశాలకి ఒకటి, ఎమర్జింగ్ మార్కెట్లకి ఒకటి, బాండ్లకి ఒకటి, ఇలా నాలుగైదు కొని ఎక్సెల్ షీట్‌లో పాళ్లు సరిచూసుకోవాలి. కాగితం మీద తేలికే గానీ 2008లో లాగా మార్కెట్ పడుతున్నప్పుడు పడేదాన్నే ఇంకా కొనాలంటే చెయ్యి రాదు. 2018 మొదట్లో వాన్‌గార్డ్ వీగ్రో, వీబాల్, వీసీఎన్ఎస్ తెచ్చింది, ఒక్కటి కొంటే ప్రపంచమంతా, బాండ్లతో సహా, సర్దడం వాళ్లే చూస్తారు. 2019 జనవరిలో బాండ్లు లేని వీఈక్యూటీ, ఆగస్టులో ఐషేర్స్ నుంచి ఎక్స్‌ఈక్యూటీ, 2022లో బీఎంఓ నుంచి జెడ్‌ఈక్యూటీ. ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న పుట్టింది అప్పుడు, చాలావరకు తేలిపోయాక.

వీఈక్యూటీలో కెనడా వాటా 30 శాతం దరిదాపు, ఎక్స్‌ఈక్యూటీలో 25. ప్రపంచ మార్కెట్‌లో కెనడా వాటా 3 శాతం చుట్టుపక్కలే, మరి ఇంత ఎందుకంటే కొంత కారణం ఉంది, కెనడా డివిడెండ్ల మీద విదేశీ పన్ను పోదు, మామూలు అకౌంట్‌లో అయితే డివిడెండ్ ట్యాక్స్ క్రెడిట్ వస్తుంది, ఖర్చు పెట్టేదీ కెనడా డాలర్లలోనే. కొంత పాత అలవాటు కూడా, ముప్పై ఏళ్లకి పైగా చట్టం చెప్పి చేయించిన అలవాటు. నా ఉద్దేశంలో 25 నుంచి 30 పర్వాలేదు, దాని మీద ఇంకా విడిగా బ్యాంక్ షేర్లు కొనొద్దు. టొరంటో ఇండెక్స్‌లో మూడో వంతు దాకా బ్యాంకులూ ఇన్సూరెన్సులే, మనవాళ్లలో చాలామంది ఐటీ పని చేసేదీ ఆ బ్యాంకులకే, ఇల్లు మిస్సిసాగాలోనో బ్రాంప్టన్‌లోనో, లోన్ ఆ బ్యాంకుదే. బ్యాంకులకి చెడ్డ రోజొస్తే ఉద్యోగం, ఇల్లు, షేర్లు మూడూ ఒకేసారి ఊగుతాయి.

ఇంకా సర్దుకోనిది అమెరికా విత్‌హోల్డింగ్ పన్ను. రెండు దేశాల ఒప్పందం ప్రకారం అమెరికా డివిడెండ్ మీద 15 శాతం అక్కడే పట్టుకుంటారు. ఆర్ఆర్ఎస్‌పీని రిటైర్మెంట్ అకౌంట్‌గా ఒప్పుకున్నారు కాబట్టి అందులో వీటీఐ (అమెరికా మార్కెట్ మొత్తాన్నీ పట్టుకునేది) లాంటి అమెరికాలో లిస్టయిన ఈటీఎఫ్ పెడితే ఆ 15 పోదు, అదే కెనడాలో లిస్టయిన ఈటీఎఫ్ ద్వారా పెడితే పోతుంది. టీఎఫ్ఎస్ఏకి ఆ మినహాయింపు లేదు, ఏది కొన్నా పోతుంది, తిరిగి రాదు. 10,000 డాలర్ల అమెరికా షేర్ల మీద డివిడెండ్ 130 వచ్చిందనుకుంటే పోయేది 19.50. దీని కోసం డాలర్లు మార్చి వీటీఐ కొనాలా అంటే, బ్రోకర్ మామూలుగా మారిస్తే 1.5 శాతం దాకా మార్పిడిలోనే పోతుంది, రెండు కరెన్సీల్లోనూ ట్రేడయ్యే డీఎల్ఆర్ అనే ఈటీఎఫ్ యూనిట్లు కెనడా డాలర్లలో కొని అమెరికా డాలర్లలో అమ్మే నార్బర్ట్స్ గ్యాంబిట్ తెలిసి, ఆర్ఆర్ఎస్‌పీలో పెద్ద మొత్తం ఉంటే ఆలోచించండి, లేకపోతే వదిలేయండి.

ఈమధ్య నెలనెలా 10 శాతం డబ్బులొస్తాయంటూ కవర్డ్ కాల్ ఈటీఎఫ్‌లు తెగ తిరుగుతున్నాయి, పెరిగేటప్పుడు వచ్చే లాభంలో కొంత ముందే అమ్ముకుని ఇచ్చే డబ్బు అది, ఇరవై ఏళ్లు ఆగేవాళ్లకి పనికిరాదు, ఫీజు కూడా ఎక్కువ.

టీఎఫ్ఎస్ఏ, ఆర్ఆర్ఎస్‌పీ నిండి మామూలు అకౌంట్‌లో కొనేవాళ్లకి ఇంకో రెండు. కెనడాలో లిస్టయిన ఈటీఎఫ్ లోపల ఎన్ని విదేశీ షేర్లున్నా టీ1135 ఫారం (విదేశీ ఆస్తులు చూపించేది) లెక్కలోకి రాదు, కానీ అదే మామూలు అకౌంట్‌లో వీటీఐ కొంటే అది, హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాట్, ఇండియా మ్యూచువల్ ఫండ్స్ అన్నీ కలిపి కొన్న ధర 1,00,000 డాలర్లు దాటితే ఫారం వెయ్యాలి. రెండోది కొన్న ధర లెక్క. చాలా ఈటీఎఫ్‌లు డిసెంబర్‌లో క్యాపిటల్ గెయిన్స్ పంచినట్టు చూపించి ఆ డబ్బు లోపలే తిరిగి పెట్టేస్తాయి, మీ చేతికి పైసా రాదు గానీ టీ3 స్లిప్‌లో (ఫండ్ పంచిన ఆదాయం చూపించే పన్ను కాగితం) ఆ మొత్తం వచ్చి పన్ను పడుతుంది, ఆ మొత్తాన్ని మీ ఏసీబీకి (పన్ను లెక్కలో కొన్న ధర) మీరే కలుపుకోవాలి, బ్రోకర్ చూపించే అంకె తప్పయినా బాధ్యత మీదే. కలుపుకోకపోతే ఇరవై ఏళ్ల తర్వాత అమ్మే రోజున అదే లాభం మీద రెండోసారి పన్ను కడతారు.