టెన్షన్ బీపీకి మాత్రలెందుకు అంటారా?

"నాది టెన్షన్ బీపీ సార్, ఉద్యోగం మారితే అదే దిగిపోతుంది." గుండె ఓపీలో రోజూ వినే మాట ఇది. దీనంత నష్టం చేసే అపోహ నాకు ఇంకోటి కనబడలేదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

టెన్షన్ పడితే అడ్రినలిన్ పెరిగి బీపీ ఎక్కుతుంది, కాసేపటికి దిగుతుంది. అంతవరకు నిజమే. కానీ బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉంటే రక్తనాళం లోపలి పొర దెబ్బతింటుంది, దాని కింద కొలెస్ట్రాల్ చేరుతుంది, గోడ గట్టిపడుతుంది. మీ రాజీనామా లేఖ చూసి ఆ గోడ మెత్తబడదు.

పైగా గుండె రక్తనాళాల్లో బ్లాకులన్నీ ఆఫీసు ఖాతాలోనే రాయడం కుదరదు. దాదాపు 2 లక్షల మంది యూరప్ ఉద్యోగుల వివరాలతో 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, పని ఒత్తిడి ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు సుమారు 23 శాతం ఎక్కువని తేలింది. తీసిపారేసేది కాదు. కానీ సిగరెట్టు తెచ్చే ముప్పు ముందు అది చిన్నదే. బాసుని తిట్టుకుంటూ కిందికెళ్లి టీతో పాటు కాల్చే ఆ సిగరెట్టు గురించే నేను అడిగేది.

ఒక బ్యాంకు మేనేజరుగారు వీఆర్‌ఎస్ తీసుకుని సొంతూరు వెళ్లారు. పొలం, మనవలు, వేళకి నిద్ర. మాత్రలు ఆపేశారు. కొన్ని నెలలకి కుడిచెయ్యి పడిపోయి, మాట తడబడుతూ వచ్చారు. బీపీ 200 దాటింది. ఆయన భార్య సంచిలోంచి మాత్రల స్ట్రిప్పు తీసి నా బల్ల మీద పెట్టింది. అందులో మూడు గుంటలే ఖాళీ. "ఇప్పుడాయనకి ఏ టెన్షనూ లేదు కదండీ" అంది. ఆవిడకి ఏం చెప్పను?

ఆసుపత్రిలో బీపీ బయటపడని కేసులూ ఉన్నాయి. మా దగ్గర నార్మల్, ఆఫీసులో ఎక్కువ. అనుమానం ఉంటే బీపీ మెషీన్ ఆఫీసుకి పట్టుకెళ్లి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, కొన్ని రోజులు చూసి రాసుకురండి.

ఇక గుండెపోటు పెద్ద హోదావాళ్ల జబ్బు అంటారు. కానీ లండన్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనంలో గుండెజబ్బు మరణాలు అడుగు గ్రేడులోనే చాలా ఎక్కువ. ఈసీజీ నార్మల్ అయితే బ్లాకు లేనట్టే అన్నదీ తప్పే. వెల్లుల్లి, నిమ్మరసం బ్లాకుల్ని కడిగేస్తాయన్న వాట్సాప్ ఫార్వర్డు నాకు పంపకండి, దండం పెడతాను.

పాతికేళ్ల పిల్లలు గుండె దడదడలాడిందని భయపడుతూ వస్తారు. వాళ్లని చూస్తే జాలేస్తుంది. వేలితో చూపించగలిగేంత చోట, క్షణకాలం సూది గుచ్చినట్టుండే నొప్పి చాలావరకు గుండెది కాదు. ఒకసారి చూపించుకుని నిశ్చింతగా ఉండండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ మధ్యలో బరువెక్కి, ఆగితే తగ్గుతుంటే మాత్రం గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు, ఆ రోజే రండి. కూర్చున్నా తగ్గక, చెమటలు పట్టి, దవడకో చేతికో లాగుతుంటే ఎవరినీ సలహా అడగకుండా 108కి ఫోన్ చేయండి.