డైహైడ్రోజన్ మోనాక్సైడూ మా పిన్ని వాళ్ల బోరూ

కనిగిరి నుంచి మా పిన్ని రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది. ఆ టైముకి ఫోనొస్తే ఎవరికైనా గుండె దడే. ఎత్తగానే, "నాయనా, డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అంటే ఏంది? మనం కొనే వాటర్ టిన్నుల్లో కూడా అది ఉందంట. పిల్లోళ్లు అవే తాగుతున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది" అంది.

వాట్సాప్‌లో వచ్చిన ఆ మెసేజ్ నాకూ పంపమన్నాను. ఈ రసాయనం ఇనుమును తుప్పు పట్టిస్తుందట. ఆమ్ల వర్షాల్లో ఎక్కువ భాగం ఇదేనట. ఆవిరిగా తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోతుంది. క్యాన్సర్ గడ్డల్లో కనిపిస్తుంది. పురుగుమందుల్లో కలుపుతారు, కాయగూరల్ని ఎంత కడిగినా పోదు. అలవాటు పడ్డవాళ్లు కొద్ది రోజులు మానేస్తే చచ్చిపోతారు. ఇంత ప్రమాదమైనదాన్ని ఇంకా ఎందుకు నిషేధించలేదు, పది గ్రూపులకి పంపండి అని చివర్లో ఉంది.

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. డై అంటే రెండు, మోనో అంటే ఒకటి. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు.

"పిన్నీ, అది నీళ్లే" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీళ్లని నీళ్లని రాయక ఇట్టా రాయడమేంది?" అంది కోపంగా. ఆ కోపంలో న్యాయముంది. నీళ్ల గురించి భయపడడానికి ఆమెకున్న కారణం చిన్నది కాదు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఈ తమాషా ఇప్పటిది కాదు. 1983 ఏప్రిల్ 1న అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డ్యూరాండ్ అనే చిన్న ఊళ్లో ఒక వారపత్రిక, ఊరి నీటి పైపుల్లో 'డైహైడ్రోజన్ ఆక్సైడ్' దొరికిందని రాసింది. 1990 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ యూనివర్సిటీ విద్యార్థులు దాన్ని కరపత్రంగా పంచారు. అందరికీ బాగా తెలిసింది మాత్రం 1997లో. ఐడహో రాష్ట్రంలో నేథన్ జోనర్ అనే 14 ఏళ్ల కుర్రాడు సైన్స్ ఫెయిర్ కోసం తన స్కూల్లోనే 50 మంది తొమ్మిదో తరగతి పిల్లలకి ఇలాంటి కాగితమే ఇచ్చి, ఈ రసాయనాన్ని ఏం చేద్దామని అడిగాడు. 43 మంది నిషేధించాలన్నారు. ఆరుగురు తేల్చుకోలేకపోయారు. అది నీళ్లని పట్టుకున్నది ఒక్కరు.

పిల్లలు కాబట్టి అనుకోవద్దు. 2004లో కాలిఫోర్నియాలోని అలీసో వియెహో పురపాలక సంఘం థర్మోకోల్ కప్పుల మీద నిషేధం పెట్టే తీర్మానాన్ని అజెండాలో చేర్చింది. వాటి తయారీలో డైహైడ్రోజన్ మోనాక్సైడ్ వాడుతున్నారన్నది ఒక కారణం. అసలు విషయం తెలిసి, ఓటింగ్‌కి ముందే వెనక్కి తీసుకున్నారు. థర్మోకోల్ వాడకం తగ్గాల్సిందే. కానీ మంచి పనికి తప్పుడు కారణం చూపిస్తే ఆ పని కూడా నవ్వులపాలవుతుంది. నాకు బాధ కలిగించేది అదే.

ఆ పేరుకి అంత బలం ఎక్కడిది? 'మోనాక్సైడ్' వినగానే మనకి గుర్తొచ్చేది కార్బన్ మోనాక్సైడ్, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లని చంపే వాయువు. ఆ భయాన్ని తెచ్చి నీళ్లకి అంటించారు. రసాయన శాస్త్రజ్ఞులు కూడా నీటిని ఆ పేరుతో పిలవరు, నీళ్లనే అంటారు. ఇంకో తికమక కూడా ఉంది. హైడ్రోజన్ భగ్గున మండుతుంది, ఆక్సిజన్ మంటని పెంచుతుంది, రెండూ కలిసిన నీళ్లు మంటని ఆర్పుతాయి. ఒక పదార్థం దేనితో తయారైందో తెలిసినంత మాత్రాన అది ఎలా ప్రవర్తిస్తుందో తెలిసినట్టు కాదు. నెల్లూరు తీరంలో ఇసకపల్లి ఉప్పు కయ్యల దగ్గర తెల్లగా కుప్పపోసి ఉండే ఉప్పునే చూడండి. అందులోని సోడియం విడిగా లోహంగా ఉంటే నీళ్లు తగలగానే మండుతుంది. క్లోరిన్ విషవాయువు. రెండూ కలిస్తే మన ఆవకాయ.

ఆ మెసేజ్‌ని అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చేసే మా బావకి చదివి వినిపించాను. అంతా విని, "ఎన్ని పీపీఎం ఉందంట?" అన్నాడు.

ఇంకెవరూ అడగని ప్రశ్న అది. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అని. నీళ్ల విషయంలో లీటరుకి ఒక మిల్లీగ్రాము అనుకుంటే సరిపోతుంది. బావ చదివింది పదో తరగతే. కానీ తెల్లారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోతుందని, నాలుగు పీపీఎం దిగితే ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆపకూడదని, అమ్మోనియా కొంచెం పెరిగినా పంట పోతుందని అతనికి కంటిమీద కునుకు లేని రాత్రులు నేర్పాయి. "అమ్మోనియా లేని గుంట ఉండదు బావా. ఎంతుందనేదే లెక్క" అన్నాడు.

నీళ్లకి కూడా ఈ లెక్క వర్తిస్తుంది. మన రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్ (పదార్థం ఎంతుందో చెప్పే ఒక కొలత) మధ్య ఉండాలి. మూత్రపిండాలు గంటకి సుమారు లీటరు నీటిని మాత్రమే బయటికి పంపగలవు. అంతకుమించి గంటల తరబడి తాగుతూ పోతే సోడియం పలచబడి, మెదడు కణాల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి. 2007లో కాలిఫోర్నియాలో ఒక రేడియో స్టేషన్ పెట్టిన నీళ్లు తాగే పోటీలో పాల్గొన్న ఒక మహిళ ఇలాగే చనిపోయింది. మే నెల ఎండలో పనిచేసి వచ్చినవాళ్లకి మన పెద్దవాళ్లు ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చేది ఊరికే కాదు.

ఇక పిన్ని భయం దగ్గరికి వస్తాను. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. మన దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. వాళ్లకంటే ముందే రైతులు పసిగట్టారు. దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం వాళ్లు చూశారు.

మా తాత మెడ తిప్పి చూడలేకపోయేవాడు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పుకుని చూసేవాడు. ఆయన పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. ఆయన జీవితమంతా తాగిన బావి నీళ్లు అద్దంలా ఉండేవి, వాసన లేదు. భయపెట్టే పేరు కూడా ఎవరూ పెట్టలేదు.

గ్రానైట్ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. లోతున ఆ రాళ్లని అంటుకుని ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ కరుగుతుంది. నీళ్లలో కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ కరుగుతుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని హద్దు. వెయ్యి లీటర్ల ట్యాంకులో పావు చెంచా ఉప్పంత బరువు, అంతే. మనం పళ్లు తోముకునే పేస్టులో అదే ఫ్లోరైడ్ సుమారు వెయ్యి పీపీఎం ఉంటుంది, పళ్లకి మేలు చేస్తుంది. దాన్ని ఉమ్మేస్తాం కాబట్టి. బోరు నీళ్లని మింగుతాం, అదీ రోజూ. రెండు లీటర్లు తాగే గుమాస్తాకి హద్దులో ఉన్న నీళ్లతో కూడా మూడు మిల్లీగ్రాములు చేరితే, ఎండలో అయిదు లీటర్లు తాగే కూలీకి ఏడున్నర చేరతాయి. చాకిరీ చేసేవాళ్లకే దెబ్బ ఎక్కువ.

తర్వాతి ఆదివారం ఫ్లోరైడ్ పరీక్ష కిట్ ఒకటి పట్టుకుని కనిగిరి వెళ్లాను. గులాబీరంగు ద్రావణం చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు పసుపు వైపు తిరుగుతాయి. ఒక గాజు గొట్టంలో టిన్ను నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు పోశాం. పిన్ని రెండింటినీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. టిన్ను నీళ్లు గులాబీగానే ఉన్నాయి. బోరు నీళ్లు మెల్లగా పసుపుకి తిరిగాయి.

"బోరువి మేం తాగం కదా" అంది.

"అన్నం, పప్పు దేంతో వండుతున్నావు?"

"బోరుతోనే. కాగితే పోదా ఏంది?"

కాగితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. ఆవిరైపోయేది నీళ్లే కాబట్టి మిగిలినదాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. అలా వండిన పప్పులోకి, పొద్దునా సాయంత్రం పెట్టే టీలోకి అదే చేరుతుంది. అది విని ఆమె గొట్టాలు కిందపెట్టి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద అప్పుడే ఎసరు పెట్టి ఉంది. గిన్నె దించి ఆ నీళ్లు పెరట్లో కరివేపాకు చెట్టుకి పోసి, టిన్ను వంచి మళ్లీ ఎసరు పెట్టింది. "రోజుకి ఇంకో టిన్ను పట్టుద్దిరా" అంది, ఖర్చు లెక్క వేసుకుంటూ.