ఎప్పటికీ వాళ్లేనా, తాతయ్యా?

చిరంజీవులు చిట్టితల్లికి, బుజ్జిబాబుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో చిట్టి అడిగిన ప్రశ్న నాలుగు రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "అమెరికాలో ఇంక ఎప్పటికీ ఒకే పార్టీ గెలుస్తుందా తాతయ్యా?" అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

2024 నవంబరులో నేనూ అమ్మమ్మా మీ ఇంట్లోనే ఉన్నాం, గుర్తుందిగా. మీ అమ్మ ఓటేసి వచ్చి చొక్కాకి పెట్టుకున్న పీచు పండు స్టిక్కర్‌ని బుజ్జిగాడు పీకి ఫ్రిజ్‌కి అంటించాడు. ఆ రాత్రి టీవీలో మీ జార్జియా ఎర్రరంగులోకి మారింది. ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమోక్రాట్లది. నాలుగేళ్ల ముందు ఇదే జార్జియా నీలం. అప్పుడు దాదాపు 50 లక్షల మంది ఓటేస్తే గెలుపోటముల తేడా 11,779 ఓట్లు. మీ అట్లాంటా చుట్టుపక్కల మన తెలుగువాళ్లే అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు! ఆ కాసిన్ని ఓట్లతోనే రాష్ట్రానికున్న 16 ఎలక్టోరల్ ఓట్లూ (ప్రెసిడెంటుని చివరికి తేల్చేవి ఇవే) మొత్తంగా ఒకరికే వెళ్లిపోయాయి. దేశమంతా కలిపి అలాంటివి 538. 270 వస్తే ప్రెసిడెంటు.

ఇప్పుడు చిట్టి ప్రశ్నకి వస్తాను. ఒక పార్టీ చాలాకాలం పెత్తనం చెయ్యగలదా? చెయ్యగలదు, చేసింది కూడా. 1860లో లింకన్ గెలిచినప్పటి నుంచి 1928 దాకా 18 ఎన్నికలు జరిగితే 14 రిపబ్లికన్లవే. 1928లో హూవర్ ఏకంగా 40 రాష్ట్రాలు గెలిచాడు. అప్పటికి ఉన్నవే 48. ఆ మరుసటి ఏడాది స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, బ్యాంకులు మూతపడ్డాయి, పనులు పోయాయి. 1932 వచ్చేసరికి 42 రాష్ట్రాలు అవతలి పార్టీ మనిషి రూజ్‌వెల్ట్‌కి పోయాయి. నాలుగేళ్లలో అంత తేడా! అక్కణ్నుంచి డెమోక్రాట్లు వరసగా ఐదుసార్లు గెలిచారు. 1936లో అయితే రూజ్‌వెల్ట్‌కి దక్కనివి మెయిన్, వెర్మాంట్, ఆ రెండే.

మన పెద్దవాళ్లు "పెరుగుట విరుగుట కొరకే" అంటారు. అమెరికా ఎన్నికల చరిత్ర చదువుతుంటే నాకు పదేపదే ఆ మాటే తోస్తుంది. 1820లో అప్పటి ప్రెసిడెంటు మన్రోకి అసలు పోటీయే లేదు. ఎదుటి ఫెడరలిస్టు పార్టీ చితికిపోయింది. ఒకే ఒక్క ఎలక్టోరల్ ఓటు తప్ప పడినవన్నీ ఆయనకే. శత్రువు లేడు కదా, ఇంక మన్రో పార్టీకి తిరుగులేదనుకుంటాం. కానీ 1824లో ఆ పార్టీవాళ్లే నలుగురు ఒకరి మీద ఒకరు పోటీకి దిగారు. అందులో క్రాఫర్డ్ మీ జార్జియావాడే. ఎవరికీ మెజారిటీ రాక, ప్రెసిడెంటుని ప్రతినిధుల సభ ఎన్నుకోవాల్సి వచ్చింది. ఉమ్మడి కుటుంబం లాంటిదే పెద్ద పార్టీ కూడా. బయట పోరు ఉన్నన్నాళ్లూ లోపలివాళ్లు సర్దుకుపోతారు, అది లేకపోతే వంటింట్లోనే వాటాల గొడవ మొదలవుతుంది.

మీకు అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. 1868 నుంచి 1960 దాకా 24 ఎన్నికల్లో జార్జియా ఒక్కసారి కూడా తప్పకుండా డెమోక్రాట్లకే ఓటేసింది. తొంభై ఏళ్ల పైమాటే. అది చదివి నేను మొదట ఆశ్చర్యపోయాను, కారణం తెలిశాక మనసు పాడైంది. ఓటెయ్యాలంటే ముందు పన్ను కట్టాలి. 1908లో పెట్టిన నిబంధన ప్రకారం రాజ్యాంగంలో ఏదో ఒక పేరా తప్పు లేకుండా చదివి రాయాలి. తాతముత్తాతలు అంతర్యుద్ధంలో సైనికులైతే ఆ పరీక్ష అక్కర్లేదు. ఎవరి కోసం పెట్టారో, ఎవరిని ఆపడానికి పెట్టారో మీకు అర్థమయ్యే ఉంటుంది. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీలో 1940ల నడిమి దాకా తెల్లవాళ్లకే చోటు. అందుకే ఆ తొంభై ఏళ్లని నేను గెలుపు అనలేను. లక్షలమంది నల్లవాళ్లని గుమ్మం బయట నిలబెట్టి లోపల లెక్కపెట్టుకున్న ఓట్లవి.

ఆ గుమ్మం ఊరికే తెరుచుకోలేదు. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటుహక్కు కోసం నడుస్తున్నవాళ్లని పోలీసులు లాఠీలతో కొట్టారు. జాన్ లూయిస్ అనే 25 ఏళ్ల కుర్రాడి తల పగిలింది. ఆ ఆగస్టులోనే ఓటుహక్కు చట్టం వచ్చింది. ఆ కుర్రాడే తర్వాత మీ అట్లాంటా నుంచి ప్రతినిధుల సభకి వెళ్లి, 2020లో చనిపోయేదాకా 33 ఏళ్లు అక్కడ ఉన్నాడు.

జార్జియా మొట్టమొదటిసారి రిపబ్లికన్లకి ఓటేసింది 1964లో. డెమోక్రాట్ అయిన జాన్సన్ 44 రాష్ట్రాలు గెలిచిన ఏడాది అది! నల్లవాళ్ల హక్కుల చట్టం మీద ఆయన సంతకం పెట్టాడన్న కోపంతో దక్షిణాది చెయ్యి జారింది. నాలుగేళ్లకే ప్రెసిడెంటు పదవీ డెమోక్రాట్ల చేతిలోంచి పోయింది. అక్కణ్నుంచి 1988 దాకా ఆరింట ఐదు రిపబ్లికన్లవే, ఆ ఆరుసార్లూ కాలిఫోర్నియా వాళ్లదే. ఇప్పుడు ఆ మాట చెబితే మీ క్లాసులో ఎవరైనా నమ్ముతారా? 1992 నుంచి అది డెమోక్రాట్ల కంచుకోట. పార్టీల పేర్లు పాతవే, వాటి వెనకున్న జనమే మారిపోతూ వచ్చారు.

డెమోక్రాట్ ఒబామా గెలిచిన రోజుల్లో, హిస్పానిక్ జనాభా, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, పెరుగుతోంది కాబట్టి ఇంక డెమోక్రాట్లదే రాజ్యమని చాలామంది లెక్కలు కట్టారు. టెక్సస్‌లో మెక్సికో సరిహద్దున స్టార్ కౌంటీ అని ఉంది. దాదాపు అందరూ హిస్పానిక్ జనమే. 1892 తర్వాత మొదటిసారి 2024లో అది రిపబ్లికన్ల వైపు తిరిగింది. మనుషుల్ని రంగుని బట్టో, ఇంటిపేరుని బట్టో ఎవరి ఖాతాలోనైనా శాశ్వతంగా వేసెయ్యడం నాకు ఎప్పుడూ నచ్చదు. వాళ్లకీ ఇంటద్దెలుంటాయి, గుడ్ల ధర పెరిగితే వాళ్లూ చూస్తారు. కుర్చీలో ఎవరుంటే కోపం వాళ్ల మీదకే వెళుతుంది. 1952 నుంచి చూస్తే వరసగా మూడుసార్లు ప్రెసిడెంటు పదవి ఒకే పార్టీకి దక్కింది ఒక్క 1980, 84, 88లోనే.

అందుకని చిట్టీ, ఈసారి గెలిచినవాళ్లే ఎప్పటికీ ఉంటారన్న టెన్షన్ నాకు లేదు. నేను చూసేది ఒక్కటే, గుమ్మం దగ్గర ఎవరినైనా ఆపుతున్నారా అని. మీరూ పేపర్లో పోల్ సర్వేల కన్నా ముందు ఆ వార్తలు చదవండి. ఓటరు జాబితాలోంచి ఎవరి పేర్లు తీశారు, ఏ పేటలో క్యూ ఎన్ని గంటలుంది, అలాంటివి.

అన్నట్టు, 18 ఏళ్లకే ఓటిచ్చిన మొదటి రాష్ట్రం మీ జార్జియానే, 1943లో. దేశమంతటికీ అది వచ్చేసరికి 1971 అయింది. 2028 నవంబరుకి చిట్టికి 18 నిండుతాయి. బుజ్జీ, ఫ్రిజ్ మీద ఆ పీచు పండు స్టిక్కర్ ఇంకా ఉందా? అక్క స్టిక్కర్‌కి దాని పక్కన కాస్త చోటుంచు.

మీ తాతయ్య