అన్నో 1800లో సరుకుల లెక్క: అపోహలు - వాస్తవాలు

దీవుల మీద ఊళ్లు కట్టి నడిపే కంప్యూటర్ గేమ్ అన్నో 1800 వచ్చింది 2019లో. ఇప్పటికీ కొత్తగా ఆడేవాళ్లు అడిగేది ఒకటే: "ఇందాకటి దాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి జనం చేపలు లేవంటున్నారు, ఎందుకు?" గోడౌన్‌లో ఎన్ని టన్నులున్నాయో అందరూ చూస్తారు. నిమిషానికి ఎన్ని టన్నులు ఖర్చవుతున్నాయో చూసేవాళ్లు తక్కువ. చిక్కంతా అక్కడే.

అపోహ: కొత్త ఇల్లు కట్టలేదు కాబట్టి తిండి ఖర్చు పెరగదు.

రైతుల ఇంట్లో 10 మంది ఉంటారు. దాన్నే పై స్థాయి అయిన కార్మికుల ఇల్లుగా అప్‌గ్రేడ్ చేస్తే 20 మంది అవుతారు. ఒక ఫిషరీ నిమిషానికి 2 టన్నుల చేపలు ఇస్తుంది, అది 800 మందికి సరిపోతుంది. అంటే 80 రైతు ఇళ్లు, లేదా 40 కార్మికుల ఇళ్లు. ఒక్క ఇటుక పేర్చకుండానే ఖర్చు రెట్టింపయింది. పైగా ఫిషరీలో పనిచేసే 25 మందీ, సారా డిస్టిలరీలో పనిచేసే 50 మందీ రైతులే కావాలి. కార్మికులు ఆ పని ముట్టుకోరు. వీధులకు వీధులు అప్‌గ్రేడ్ చేసేస్తే తినేవాళ్లు పెరుగుతారు, పండించేవాళ్లు తగ్గుతారు.

అపోహ: గోడౌన్ నిండుగా ఉంటే అంతా బాగున్నట్టే.

నిండిందంటే అక్కడితో ఉత్పత్తి ఆగిందని అర్థం. నిర్వహణ ఖర్చు మాత్రం ఆగదు.

అపోహ: ప్రతి దీవీ తన అవసరాలు తానే తీర్చుకోవాలి.

ఆ ప్రయత్నమే వద్దు, గేమే ఒప్పుకోదు. బంగాళాదుంపలు పండే దీవిలో బీరుకు వాడే హాప్స్ పండకపోవచ్చు. చెరకు, పత్తి కావాలంటే ఎలాగూ గేమ్‌లోని ఇంకో ప్రాంతమైన న్యూ వరల్డ్‌కే వెళ్లాలి.

అపోహ: రమ్ చాలకపోతే ఇంకో డిస్టిలరీ కట్టాలి.

నేను చూసినంతలో ఎక్కువ ఊళ్లు దెబ్బతినేది ఇక్కడే. మీ ఊరు నిమిషానికి 3 టన్నుల రమ్ తాగుతుందనుకుందాం. రమ్ తేవడానికి ఓడ న్యూ వరల్డ్‌కు వెళ్లి రావడానికి 40 నిమిషాలు పడుతుందనుకుందాం. అప్పుడు ప్రతి ట్రిప్పుకీ 120 టన్నులు రావాలి. స్కూనర్ అనే చిన్న తెరచాప ఓడకు ఉండేవి 2 స్లాట్లు (సరుకు పెట్టే గళ్లు), స్లాటుకు 50 టన్నులు, అంటే మొత్తం 100. న్యూ వరల్డ్‌లో ఎన్ని డిస్టిలరీలు కట్టినా రమ్ ఆ రేవులోనే పేరుకుంటుంది, ఇక్కడ మాత్రం కొరత తీరదు. 4 స్లాట్ల క్లిప్పర్ ఓడ పెట్టి మూడింటిలో రమ్, నాలుగో దాంట్లో పత్తి బట్ట వేయండి. బొచ్చు కోట్లకు ఆ బట్ట కావాలి.

అంతటితో అయిపోలేదు. తెరచాప ఓడ వేగం గాలిని బట్టి మారుతుంది, సరుకు ఎక్కిన కొద్దీ తగ్గుతుంది. అందుకే గేమ్ చూపించే సమయాన్ని గుడ్డిగా నమ్మకుండా, కొంత స్టాక్ ఊళ్లో ఎప్పుడూ మిగిలేలా చూసుకోండి. ఊరి గోడౌన్‌లో చోటు లేకపోతే దించని రమ్ ఓడలోనే ఉండిపోతుంది, తర్వాతి ట్రిప్పులో ఆ స్లాటు దండగ. "పూర్తిగా నిండేదాకా ఆగు" అనే ఆప్షన్‌ను రెండు మూడు రకాల సరుకులున్న రూట్లో అస్సలు పెట్టకండి. పత్తి బట్ట కోసం ఓడ రేవులో నిలబడి ఉంటే, ఈలోపు రమ్ లేదని ఊళ్లో గొడవ మొదలవుతుంది.

అపోహ: నెట్‌లో దొరికే రేషియోలు (దేనికి ఎన్ని కట్టాలనే లెక్కలు) ఎప్పటికీ చెల్లుతాయి.

రొట్టెల లెక్క అందరికీ నోటికొచ్చు: 2 గోధుమ పొలాలు, 1 పిండిమర, 2 బేకరీలు. బండ్లు సమయానికి వచ్చినంతకాలం ఇది నిజమే. చిన్న గోడౌన్ దగ్గర బండ్లు బారులు తీరితే ఏ రేషియో కాపాడదు. అందుకని ముందు గోడౌన్‌ను అప్‌గ్రేడ్ చేయండి. జనం ఇంజనీర్ల స్థాయికి చేరాక బేకరీలకు కరెంటు ఇస్తే అవి రెట్టింపు పిండి అడుగుతాయి. పొలాలకు కరెంటు పనిచేయదు, కాబట్టి వాటి సంఖ్యే పెంచాలి. 2020లో వచ్చిన బ్రైట్ హార్వెస్ట్ డీఎల్‌సీ (గేమ్‌కు విడిగా కొనే అదనపు భాగం) ఉంటే ట్రాక్టర్లు ఆ పని కొంత చూసుకుంటాయి.

అపోహ: మిగులు అంటే దండగ.

సబ్బు విషయంలో ఇది పూర్తిగా తప్పు. జైలు నడిపే ఈలై బ్లీక్‌వర్త్ సబ్బు కొంటాడు. ఒక సబ్బు ఫ్యాక్టరీ, రెండు పందుల ఫారాలు, రెండు కొవ్వు కరిగించే కేంద్రాలు అదనంగా పెట్టి, ఓ ఓడను అటు తిప్పితే ఖజానాకు మంచి ఊతం. కాకపోతే ఆ రూట్ మొదలుపెట్టే ముందే గోడౌన్‌లో సబ్బుకు కనీస స్టాక్ సెట్ చేయండి. లేదంటే ఓడ మీ కార్మికుల సబ్బును కూడా ఎక్కించుకుపోయి అమ్మేస్తుంది.